గాలికి లేచే మంచు, ధ్రువాల జమాఖర్చు: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ధ్రువాల మంచంటే నాకెంత ఇష్టమో తెలిసినవాళ్లు కనబడినప్పుడల్లా ఏదో ఒకటి అడుగుతుంటారు. క్లాసులో పిల్లలు, వాళ్లను దింపడానికొచ్చే తల్లిదండ్రులు, యార్డులో మిర్చి కమీషన్ వ్యాపారం చేసే మా వీధి బాబాయి, అందరి ప్రశ్నలూ తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి. వాటికి నాకు తెలిసినంతలో జవాబులివి.

మాస్టారూ, మంచు అంటే ఏ మంచు? పొద్దున్నే హైవే మీద పడేదా?

తెలుగులో ఈ చిక్కొకటుంది. ధనుర్మాసంలో చిలకలూరిపేట రోడ్డు మీద లారీలు లైట్లేసుకుని నెమ్మదిగా పోయేది మంచు వల్లే. వరి ఆకు కొన మీద నిలిచేదీ మంచే, చెరకు రసం బండి దగ్గర గోనెసంచిలో చుట్టి పెట్టేదీ మంచే, కాశ్మీరులో రాలేదీ మంచే. అందుకని ఇక్కడ ఆకాశం నుంచి రాలి పొడిపొడిగా ఉన్నదాన్ని పొడిమంచు అంటాను. అది ఏళ్ల తరబడి పేరుకుని, తన బరువుకు తనే నొక్కుకుపోయి రాయిలా అయితే గడ్డమంచు. నేలంతా కప్పేసిన గడ్డమంచు పేరు మంచు ఫలకం. భూమ్మీద ఇప్పుడు అలాంటివి రెండే ఉన్నాయి: అంటార్కిటికా, గ్రీన్‌ల్యాండ్. అంటార్కిటికా ఫలకం దాదాపు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశానికి నాలుగింతలు. అదంతా కరిగితే సముద్రం 58 మీటర్లు లేస్తుంది. గ్రీన్‌ల్యాండ్ కరిగితే 7 మీటర్ల పైచిలుకు. అంత మంచు ఒక్కసారిగా కరగదు. అసలు అక్కడ ఎంత మంచు ఉందో తెలియడానికే ఈ అంకెలు.

ద్రవ్యరాశి సమతుల్యం అని పుస్తకంలో ఉంది. ఇంతకీ ఏంటది?

జమాఖర్చు. కురిసిన పొడిమంచు జమ. ఖర్చు చాలా దారుల్లో పోతుంది. అంచులు విరిగి మంచుకొండలుగా సముద్రంలోకి పోయేది కొంత, సముద్రం మీద తేలే మంచు అరుగుల కింద నీళ్లు తగిలి కరిగేది కొంత, ఎండకు పైన కరిగి పారేది కొంత. ఇవి కాక గాలి తినేసేది ఉంది, ఈ పేజీ దాని గురించే.

శాస్త్రవేత్తలు దీన్ని గిగా టన్నుల్లో చెబుతారు. ఒక గిగా టన్ను అంటే వంద కోట్ల టన్నులు. నీళ్లుగా చూస్తే ఒక ఘన కిలోమీటరు, మన లెక్కలో 35 టీఎంసీలు. ప్రకాశం బ్యారేజీ నిండుగా ఉంటే 3 టీఎంసీలు కాబట్టి ఒక్క గిగా టన్నుకు దాదాపు పన్నెండు బ్యారేజీలు కావాలి. నాగార్జునసాగర్ 312 టీఎంసీలు, అంటే 9 గిగా టన్నులకు కాస్త తక్కువ. అంటార్కిటికా మీద ఏటా నిలిచే పొడిమంచు 2,000 గిగా టన్నులకు పైనే. రెండు వందల ఇరవై సాగర్లు! ఖర్చు దాని కంటే ఎక్కువ. గురుత్వాకర్షణ కొలిచే ఉపగ్రహాలు ఎగిరిన 2002 నుంచి సగటున ఏటా సుమారు 150 గిగా టన్నులు తరిగిపోతోంది.

అంటే నూరు రూపాయలొచ్చే ఇంట్లో నూట ఏడు ఖర్చవుతోందన్న మాట. ఆ ఏడు రూపాయలు ఎందుకు ఎక్కువయ్యాయో తెలియాలంటే పద్దులన్నీ సరిగా రాసుండాలి. ఏ పద్దులోనైనా పది రూపాయల పొరపాటుంటే ఆ ఏడింటికి కారణం చెప్పలేం. గాలి పద్దు సరిగ్గా అలాంటిది.

గాలి మంచును ఎలా లేపుతుంది?

దీన్ని క్లాసులో చేసి చూపిస్తాను. నల్లటి డ్రాయింగ్ అట్ట మీద బొంబాయి రవ్వ పలచగా పరిచి, పక్కన టేబుల్ ఫ్యాన్ పెడతాం. ఒకటో నెంబరులో రవ్వ కదలదు. రెండులో అంచునున్న గింజలు దొర్లడం మొదలవుతుంది. అలా చూస్తుండగా ఒక గింజ ఎగిరి, కాస్త దూరంలో పడి, పడ్డచోట ఇంకో రెండు గింజల్ని లేపుతుంది. అవి ఇంకో నాలుగింటిని. మూడో నెంబరు వేస్తే రవ్వ మొత్తం అట్ట మీద నీళ్లలా పారుతుంది, వెనక సన్నటి గీతల మేటలు వదులుతుంది. అదే రవ్వ మీద కాస్త నీళ్లు చిలకరించి మళ్లీ పరిస్తే మూడో నెంబరుకూ కదలదు.

పొడిమంచుదీ ఇదే కథ. కొత్తగా పడి, చలికి పొడిగా ఉన్న మంచు సెకనుకు 5 మీటర్ల గాలికే లేస్తుంది. ఎండకు కాస్త కరిగి మళ్లీ గడ్డకట్టినదాన్నో, పాతబడి గట్టిపడ్డదాన్నో లేపాలంటే 10 మీటర్లు దాటాలి. మొదట రేణువులు జానెడు ఎత్తు లోపే గెంతుతూ పోతాయి. గాలి ఇంకా పెరిగితే సన్నవి పైకి లేచి తేలుతూ ప్రయాణిస్తాయి, వందల మీటర్ల ఎత్తు వరకు. కళ్లంలో వడ్లు తూర్పారబట్టడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. బరువైన గింజ కాళ్ల దగ్గరే పడుతుంది, తాలు ఎగిరి అవతల పడుతుంది, దుమ్ము పక్క చేను దాకా పోతుంది.

అక్కడ గాలి ఎందుకంత గట్టిగా వీస్తుంది? తుపాన్లా?

తుపాన్లు ఉన్నాయి, కానీ అసలు కారణం వాలు. అంటార్కిటికా మధ్యలో ఎత్తైన మంచు పీఠభూమి, 3,000 మీటర్లకు పైన. అక్కడ మంచును ఆనుకున్న గాలి విపరీతంగా చల్లబడి బరువెక్కుతుంది. బరువైన గాలి నీళ్లలాగే పల్లానికి జారుతుంది. వందల కిలోమీటర్లు జారి తీరం దగ్గర లోయల్లో ఇరుక్కునేసరికి దాని వేగం చూడాలి. ఆస్ట్రేలియా యాత్రికుడు డగ్లస్ మాసన్ బృందం 1912లో కేప్ డెనిసన్ అనే చోట గుడిసె వేసుకుంది. అక్కడ గాలి ఏడాది సగటే గంటకు 70 కిలోమీటర్లకు తగ్గదు. మన వాతావరణ శాఖ గంటకు 62 కిలోమీటర్లు దాటితే దాన్ని తుపాను అంటుంది. తుపాను స్థాయి గాలి ఏడాది పొడుగునా సగటుగా ఉండే ఊరన్న మాట.

పీఠభూమి నడినెత్తిన, వాలు లేనిచోట గాలి నెమ్మదిగానే ఉంటుంది. పాత మంచు పొరలు తవ్వి తీసేవాళ్లు డోమ్ సి లాంటి శిఖరాలకు పోవడానికి ఇదీ ఒక కారణం, పొరలు అక్కడ చెదరకుండా ఉంటాయి. డోమ్ సి దగ్గర తీసిన మంచులో 8 లక్షల ఏళ్ల చరిత్ర దొరికింది.

లేచిన మంచంతా ఎగిరి సముద్రంలో పడిపోతుందా?

ఎక్కువమంది అనుకునేది ఇదే, నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఎగిరి సముద్రంలో పడేది మొత్తం కురిసినదాంట్లో ఒక శాతం కూడా ఉండదు. ఖండం అంత పెద్దది. లోపలెక్కడో లేచిన రేణువు తీరం చేరేలోపు ఎన్నోసార్లు కింద పడి ఆగిపోతుంది. ఒకచోట నుంచి తీసి ఇంకోచోట పోస్తే మొత్తం జమాఖర్చులో తేడా రాదు.

తేడా తెచ్చేది ఇంకొకటి. ఎగురుతున్న రేణువు దారిలోనే మాయమవుతుంది. కరగదు, నీరు కాదు, నేరుగా ఆవిరవుతుంది. ఉత్పతనం అని మన పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాట ఇదే. గాలి చేసే నష్టంలో పెద్ద వాటా దీనిదే.

కరగకుండా ఆవిరవడం ఎలా? అక్కడ మైనస్ ఇరవై డిగ్రీలు కదా!

బీరువాలో పెట్టిన కలరా ఉండ ఎప్పుడైనా తడిగా కనబడిందా? ఆరు నెలల తర్వాత చూస్తే ఉండదు, అంతే.

మా ఇంట్లో ఒక ఆదివారం రెండు కర్పూరం బిళ్లలు తీసుకున్నాను. ఒకదాన్ని అలాగే ఒక పళ్లెంలో పెట్టాను. రెండోదాన్ని మెత్తగా నలిపి ఇంకో పళ్లెంలో పలచగా పరిచాను. రెండూ ఒకే ఫ్యాన్ కింద. సాయంత్రానికి పొడి పళ్లెంలో వాసన తప్ప ఏమీ లేదు. బిళ్ల మాత్రం అంచులు కాస్త గుండ్రబడి అలాగే ఉంది.

తేడా ఉపరితలంలో ఉంది. ఒక సెంటీమీటరు మంచు ఘనానికి గాలి తగిలే ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని మిల్లీమీటరులో పదో వంతు ముక్కలు చేస్తే పది లక్షల ముక్కలవుతాయి, వాటి ఉపరితలం కలిపి 600 చదరపు సెంటీమీటర్లు. ఎగిరే పొడిమంచు రేణువులు ఇంచుమించు ఆ సైజువే. నేల మీద పడుకుని ఉన్న మంచుకు పైభాగమే గాలికి తగులుతుంది, ఎగిరే రేణువుకు చుట్టూ గాలే. పైగా పీఠభూమి నుంచి జారే గాలి వంద మీటర్లు దిగితే ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. వేడెక్కేకొద్దీ దాహం పెరుగుతుంది. ఎండ లేని ఆరు నెలల చీకట్లో కూడా ఈ పని ఆగదు, ఎందుకంటే శీతాకాలంలోనే గాలులు గట్టివి.

దీనికొక కళ్లెమూ ఉంది. రేణువులు ఆవిరయ్యేకొద్దీ గాలి చల్లబడుతుంది, తేమతో నిండిపోతుంది. నిండిన గాలి ఇక తాగలేదు. పొడి గాలి పైనుంచి వచ్చి కలిస్తేనే మళ్లీ మొదలు. ఎంత కలుస్తోందన్నది పట్టుకోవడమే కష్టం.

ఇంతకీ ఏటా ఎంత పోతోంది?

వాతావరణ నమూనాలతో కంప్యూటర్‌లో లెక్కగట్టినవాళ్లు అంటార్కిటికా మొత్తం మీద ఏటా నూరు, రెండు వందల గిగా టన్నుల మధ్య చెబుతూ వచ్చారు. 2012లో వచ్చిన ఒక లెక్క ప్రకారం కురిసినదాంట్లో 6 శాతం గాలి తీసేస్తోంది. ఆ తర్వాత నాసా వాళ్లు కాలిప్సో ఉపగ్రహం లేజరుతో ఎగిరే మంచు పొరల్ని పైనుంచి చూసి, 2017లో 393 గిగా టన్నులని తేల్చారు. దాంట్లోనూ అటూ ఇటూ 196 తేడా ఉండొచ్చని వాళ్లే రాశారు.

అన్నిటికంటే తక్కువ చెప్పిన నూరునూ, ఎక్కువ చెప్పిన 393నూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి పదకొండు సాగర్లు, ఇంకోటి నలభై నాలుగు. మధ్యనున్న దూరం అంటార్కిటికా ఏటా నికరంగా పోగొట్టుకునే మొత్తానికి రెట్టింపు దాకా ఉంది. ఈ ప్రశ్నను చిన్నచూపు చూడొద్దని పిల్లలకు నేను పదే పదే చెప్పేది ఇందుకే.

అంత తేడా ఎందుకు? వర్షం కొలిచినట్టు కొలవొచ్చు కదా?

మన మండలాఫీసు ఆవరణలో ఉండే వర్షమాపకాన్ని అక్కడ పెట్టామనుకోండి. మంచు కురిసినప్పుడు గాలి దాన్ని మూతి మీదుగా అడ్డంగా తోసుకుపోతుంది, లోపల పడదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున నేల మీద నుంచి లేచిన పాత మంచు దాంట్లో వచ్చి నిండుతుంది. కురిసిందేదో, ఎగిరిందేదో తెలియదు.

అందుకని వరసగా గుంజలు పాతి, ఏటా ఎంత మునిగాయో చూస్తారు. ఒక గుంజ దగ్గర మూరెడు పెరిగి, పక్క గుంజ దగ్గర జానెడు తరిగి ఉంటుంది. ఒక్క గుంజను నమ్మితే మోసపోతాం, వందలు పాతాల్సిందే. ఫ్రెంచివాళ్లు తూర్పు అంటార్కిటికాలోని అడెలీ ప్రాంతంలో ఇంకో పద్ధతి పెట్టారు. నిలువు గొట్టాలకు రేణువులు తగిలే చప్పుడు విని, ఎంత మంచు ఎగిరిపోతోందో అంచనా వేస్తారు. రేకుల షెడ్డు కింద కూర్చుని వాన ఎంత గట్టిదో చప్పుడుతో చెప్పేయడం లాంటిదే ఇది. మంచుకు చెవి ఒగ్గడం నాకు చాలా నచ్చిన ఆలోచన.

ఉపగ్రహం విషయానికొస్తే దాని లేజరు దట్టమైన మేఘం దాటి కిందికి చూడలేదు. తుపాను రోజున ఎక్కువ మంచు ఎగురుతుంది, ఆ రోజే మేఘమూ ఉంటుంది. నేలను ఆనుకుని ముప్ఫై మీటర్ల లోపు పారే పలచటి పొరలూ దానికి సరిగా అందవు. ఇంకోవైపు, ఎంత ఆవిరైందో లెక్కగట్టేటప్పుడు గాలిని ఉన్నదానికంటే పొడిగా తీసుకుంటే అంకె పెరిగిపోతుంది. ఆవిరైనదంతా నష్టమూ కాదు. కొంత తేమ ఖండం మీదే మళ్లీ మంచుగా రాలుతుంది. అసలు కురిసే మంచులోనే కొంత నేల తాకకముందు గాల్లో ఆవిరైపోతుందని 2017లో తేలింది. ఖండం మొత్తం మీద అది 17 శాతమని ఆ పరిశోధకుల లెక్క.

లెక్కల్లో ఇంత గందరగోళం ఉంటే, అంటార్కిటికా తరుగుతోందన్నది కూడా నమ్మక్కర్లేదా?

నమ్మాలి. ఈ ప్రశ్న కొందరు ఆసక్తితో అడుగుతారు, కొందరు వాదనకు దిగి అడుగుతారు. ఇద్దరికీ జవాబు ఒకటే.

పద్దులన్నీ కూడి తీసివేసి నిల్వ తేల్చడం ఒక దారి. గల్లాపెట్టె తెరిచి ఉన్న డబ్బు లెక్కపెట్టుకోవడం ఇంకో దారి. 2002లో ఎగిరిన గ్రేస్ జంట ఉపగ్రహాలు, 2018 నుంచి వాటి వారసులు చేస్తున్నది రెండోది. మంచు తగ్గితే అక్కడి గురుత్వాకర్షణ రవ్వంత తగ్గుతుంది, ముందూ వెనకా తిరిగే రెండు ఉపగ్రహాల మధ్య దూరం వెంట్రుక మందంలో మారుతుంది, ఆ మార్పు నుంచి నిల్వ తెలుస్తుంది. ఎత్తు కొలిచే ఉపగ్రహాలు ఇంకో వైపు నుంచి చూస్తున్నాయి. 1992 నుంచి 2017 దాకా అంటార్కిటికా సుమారు 2,700 గిగా టన్నులు పోగొట్టుకుందని వీటన్నిటినీ కలిపి చూసినవాళ్లు తేల్చారు. ఆ లెక్కలో గాలి పద్దు తెలియకపోయినా నిల్వ తెలుస్తుంది.

గాలి పద్దు ఎందుకు కావాలంటే, వచ్చే యాభై ఏళ్లలో ఏమవుతుందో చెప్పడానికి. ఏ పద్దు ఎంతో తెలియకుండా ముందు రోజుల బడ్జెట్ ఎవరు వేయగలరు?

గాలి మంచును ఊడ్చేసిన చోట ఏముంటుంది?

నీలం. పొడిమంచు మొత్తం పోయి కింది గడ్డమంచు బయటపడితే లేత నీలపు అద్దంలా ఉంటుంది. అంటార్కిటికాలో ఒక శాతం పైన ఇలాంటి నేలే. పొడిమంచు మీద పడ్డ ఎండలో నూటికి ఎనభై వంతులకు పైగా వెనక్కి పోతుంది. నీలిమంచు మీద అరవైకి మించదు, మిగతాది అది తాగేస్తుంది. తూర్పు అంటార్కిటికాలో ర్వా బోద్వాన్ అనే మంచు అరుగు మీద ఇదే జరుగుతోంది. జారుగాలి పొడిమంచును ఊడ్చి, నీలిమంచును తేల్చి, గాలిని వెచ్చబరిచి, వేసవిలో అక్కడ కరిగిన నీటి మడుగులు కట్టిస్తోంది. గాలి ఆవిరి చేసేదే కాక ఇలా కరిగించే పనికీ చేయందిస్తోంది.

దీంట్లో ఒక వరమూ ఉంది. మంచులో కూరుకుపోయిన ఉల్కలు ఈ నీలి నేలల్లో పైకి తేలతాయి. 1969లో జపాన్ బృందం యమాటో కొండల దగ్గర తొమ్మిది ఉల్కల్ని ఏరింది. ఇప్పటిదాకా భూమ్మీద దొరికిన ఉల్కల్లో సగం కంటే ఎక్కువ అంటార్కిటికావే.

మంచు మీద కూడా ఇసుక మేటల్లాంటివి పడతాయా?

వేసవిలో కృష్ణలో నీళ్లు తగ్గాక ఇసుక తిన్నె మీద సాయంత్రం నడిస్తే కాళ్ల కింద గాలి గీసిన గీతలు కనబడతాయి కదా, వాటికి పెద్దన్నలు అక్కడున్నాయి. గట్టి గాలి మంచును చెక్కి పదునైన గట్లు చేస్తుంది, వాటిని సస్త్రుగి అంటారు, రష్యన్ మాట. మీటరు ఎత్తు దాకా ఉంటాయి. స్లెడ్జిలకూ విమానాలకూ ప్రాణసంకటం. ఇక తూర్పు పీఠభూమి మీద మహా మేటలున్నాయి. ఎత్తు రెండు నుంచి నాలుగు మీటర్లే, కానీ ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి రెండు నుంచి ఐదు కిలోమీటర్లు. మేట పక్కన నిలబడ్డవాడికి అది మేటని తెలియదు, ఉపగ్రహానికే తెలుస్తుంది. వాటి ఒక వాలు మీద ఏళ్లకేళ్లు చిటికెడు మంచు కూడా నిలవదు.

మన దేశానికి దీంతో అనుభవం ఉందా?

చేదు అనుభవమే. మన మొదటి కేంద్రం దక్షిణ గంగోత్రి, 1983-84లో తేలే మంచు అరుగు మీద కట్టారు. గాలికి అడ్డం ఏది నిలబడ్డా దాని వెనక వేగం తగ్గుతుంది, వేగం తగ్గినచోట మంచు దిగబడుతుంది. రోడ్డు పక్క కంచె వెనక ఎండాకులు పోగుపడ్డట్టు భవనం చుట్టూ ఏటా మంచు పోగుపడింది. కొన్నేళ్లకే కూరుకుపోయి, 1990లో దాన్ని వదిలేయాల్సి వచ్చింది. ఆ పాఠంతోనే 1989లో మైత్రిని షిర్మాకర్ ప్రాంతంలోని రాతి నేల మీద కట్టారు. 2012లో మొదలైన భారతిని స్తంభాల మీద ఎత్తి నిలబెట్టారు, కింద నుంచి గాలి దూసుకుపోతూ మంచును తనే ఊడ్చుకుపోతుంది.

గ్రీన్‌ల్యాండ్‌లోనూ ఇంతేనా?

గాలి అక్కడా ఉంది. తూర్పు తీరంలో దాన్ని పిటెరాక్ అంటారు, ఊళ్ల పైకప్పులు లేపేస్తుంది. అయితే గ్రీన్‌ల్యాండ్‌లో పైభాగం నుంచి పోయే మంచులో వేసవి కరుగుడే పెద్ద ఖర్చు, దాని ముందు గాలి పద్దు చిన్నది. అంటార్కిటికాలో పైన కరిగి పారేది బహు తక్కువ. అందుకే అక్కడ పైభాగం నుంచి పోయే మంచులో గాలిదే పైచేయి.

ఇదంతా తెలిసి గుంటూరు, విజయవాడల్లో మనం చేసేదేంటి?

మా అమ్మది నాగాయలంక వైపు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రం ఎలా వచ్చిందో చెప్పేటప్పుడు ఆవిడ గొంతు ఇప్పటికీ మారిపోతుంది. కృష్ణ డెల్టా అంచున పొలం సముద్రానికి మీటరు, రెండు మీటర్ల ఎత్తులో ఉంటుంది. సుమారు 360 గిగా టన్నుల మంచు నీరై సముద్రంలో కలిస్తే ప్రపంచమంతా సగటున ఒక మిల్లీమీటరు పెరుగుదల. ఆ సగటు అందరికీ సమానంగా పంచబడదు. అంటార్కిటికా బరువు తగ్గితే అది తన వైపు లాక్కునే నీరు తగ్గుతుంది, దాని దగ్గర సముద్రం దిగి దూరంగా ఉన్న మనలాంటి తీరాల్లో సగటు కంటే ఎక్కువ లేస్తుంది. కరకట్ట ఎంత ఎత్తు కట్టాలి, ఏ ఊరి బోర్లలో ఉప్పునీరు ఎప్పుడొస్తుంది అన్నవి ఇంజనీర్లు అంకెలతోనే తేల్చాలి. ఆ అంకెల వెనక ఉన్న లెక్కల్లో ఈ గాలి పద్దూ ఒకటి.

మా అమ్మాయి ఇలాంటి పరిశోధన చేస్తానంటోంది. దారి ఉందా?

ఉందండీ, తప్పకుండా పంపండి. డిగ్రీలో ఫిజిక్స్, మ్యాథ్స్ గట్టిగా చదివి, పీజీలో వాతావరణ శాస్త్రం, భూగర్భ శాస్త్రం, సముద్ర శాస్త్రం, ఫిజిక్స్‌లలో ఏదైనా తీసుకోవచ్చు. విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. అంటార్కిటికా యాత్రలు నడిపే జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం గోవాలో ఉంది, ప్రకటనలన్నీ వాళ్ల వెబ్‌సైట్‌లో వస్తాయి. ఎంపికైనవాళ్లకు వైద్య పరీక్షలు చేసి, ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మంచు మీద నడక, చలికి తట్టుకోవడం నేర్పుతారు. కంప్యూటర్‌లో ప్రోగ్రాం రాయడం ఇప్పటి నుంచే నేర్చుకోమనండి. ఈ రంగంలో గుంజలు పాతే చేతులు ఎంత కావాలో, నమూనాలు సరిచేసే చేతులూ అంతే కావాలి. రవ్వ, టేబుల్ ఫ్యాన్ మా క్లాసులో ఎప్పుడూ ఉంటాయి, శనివారం సాయంత్రం తీసుకురండి.